సైరన్ మోగినప్పుడు పడవ ఎక్కడుంది?

పోయిన వారం గవర్నరు గారిని మెట్ల మలుపులో నిలబెట్టి వచ్చేశాం. పాపం పెద్దమనిషి, వారం రోజులుగా ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టుకుని అలాగే ఉన్నారు. బంగళాలోని పదమూడు గడియారాలకు వారానికోసారి కీ ఇచ్చి వెళ్ళే అమ్మాయి, నిచ్చెన దిగకుండానే, ఆయన వైపు చూడకుండానే ఒక మాట అంది. ఆ మాటకు ఆయన కాళ్ళు కదలడం మానేశాయి.

"మీరు అడగని ప్రశ్న కోసం మా నాన్న ఇరవై ఎనిమిదేళ్ళుగా కాచుకుని కూర్చున్నాడండీ."

ఆ అమ్మాయి తండ్రి ఒకప్పటి పడవవాడు. ఆ సంగతి తెలియగానే గవర్నరు గారికి మిగతాదంతా తెలిసిపోయింది. మనకు తెలియాలంటే మాత్రం కాస్త వెనక్కి వెళ్ళి రావాలి.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, పొగమంచు కమ్మిన ఒక ఉదయం, నది ఒడ్డున ఉన్న బట్టల మిల్లులో మేనేజరు తన అలవాటు ప్రకారం తన చేత్తోనే సైరన్ తాడు లాగాడు. అతను బతికి ఉన్నాడనడానికి అదే ఆఖరి గుర్తు. పావుగంట తిరక్కుండా పత్తి గోదాములో శవమై కనిపించాడు. ముందురోజు అతనితో మాటా మాటా అనుకున్న మగ్గం కార్మికుడొకడు ఆ ఉదయమే పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళాడు. చంపి పారిపోయాడన్నారు పోలీసులు. "సైరన్ మోగినప్పుడు నేను పడవలో ఉన్నాను" అన్నాడతను. సైరన్ మోగే వేళకు నది మధ్యలో ఉన్నవాడు ఆ తర్వాత ఒడ్డు మీద మనిషిని చంపలేడు కదా. కేసంతా ఆ ఒక్క ముక్క దగ్గర ఆగింది.

ఆ ముక్క తెలిసిన సాక్షి పడవవాడు. ప్రభుత్వం తరఫు ప్లీడరు అతన్ని బోనెక్కించి, "ఆ రోజు పొద్దున ఇతన్ని అవతల దింపింది నువ్వేనా?" అని మాత్రం అడిగి, "నేనేనండి" అనిపించుకుని హాయిగా కూర్చున్నాడు. తర్వాత ముద్దాయి తరఫున లేచింది మన గవర్నరు గారు. అప్పటికి ఆయన గౌను మడతలు కూడా ఇంకా పోలేదు. లేచారు, గొంతు సవరించుకున్నారు, ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో వెనక నుంచి ఎవరో గౌను పట్టుకుని లాగారు. లాగింది ఆయన సీనియరు. ఊళ్ళో అందరూ పెద్ద ప్లీడరు అని పిలిచే మహానుభావుడు.

"జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకు. వాడు అడ్డం తిరిగితే మనవాడికి ఉరే. కూర్చో."

"ప్రశ్నలు లేవు" అని చెప్పి ఆయన కూర్చున్నారు.

ఉరి తప్పింది, యావజ్జీవ శిక్ష పడింది. ప్లీడర్ల గదిలో అందరూ భుజం తట్టారు. ఎప్పుడు నోరు మూసుకోవాలో ఈ కుర్రాడికి తెలుసన్నారు. మౌనం ప్లీడరు అన్న పేరు ఆ సాయంత్రమే పుట్టింది. మరుసటి ఏడు పెద్ద ప్లీడరు తన కూతుర్నిచ్చి పెళ్ళి చేశారు. ఆ తర్వాత ప్రభుత్వ న్యాయవాది, ఆ తర్వాత జడ్జి, ఇప్పుడు గవర్నరు. అందరూ లేచి పైకొస్తే ఈయన కూర్చుని పైకొచ్చారని ఆయన భార్యే ఎగతాళి చేస్తుంది.

ఇప్పుడు ఆ కార్మికుడి విడుదల ఫైలు గవర్నరు గారి బల్ల మీద ఉంది. నేరం ఘోరమైంది కాబట్టి వదలరాదని మంత్రులు సలహా రాసి పంపారు. గవర్నరు దాని మీద సంతకం పెట్టవచ్చు. లేదా కారణం రాసి, మళ్ళీ ఆలోచించమని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వెనక్కి పంపవచ్చు. ఏదైనా ఈ రోజు మధ్యాహ్నం పన్నెండులోపే.

ఇక మెట్లు దిగి రండి, గవర్నరు గారూ.

*

ఆ ఉదయం బంగళా పొగమంచులో మునిగిపోయింది. ముందు తోట పోయింది, తర్వాత గేటు పోయింది, గేటు దగ్గర కాపలావాడు టోపీతో సహా పోయాడు. కిటికీ దగ్గర నిలబడితే ఇల్లే మెల్లగా ఎటో కదులుతున్నట్టు ఉంది. లోపల ఎక్కడో ఒక గడియారం తొమ్మిదిన్నర కొట్టింది. కాసేపటికి మరొకటి కొట్టింది. ఆ ఇంట్లో ఏ గంటా ఒకేసారి అవదు. పదమూడు గడియారాలకూ కీ ఇవ్వడం వరకే ఆ అమ్మాయి పని. వాటి మధ్య తగాదా తీర్చమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

గవర్నరు గారు ఫైలులోని అర్జీని పదోసారి చదువుతున్నారు. ఖైదీ తన చేత్తో రాసుకున్నవి నాలుగే వాక్యాలు. కళ్ళు సరిగా కనపడటం లేదన్నాడు. అక్క ఒక్కతే ఉందన్నాడు. మిగిలిన రోజులు ఆమె దగ్గర ఉంటానన్నాడు. నాలుగోది పాత వాక్యమే: సైరన్ మోగినప్పుడు నేను పడవలో ఉన్నాను. ఫైలు అడుగున పాత అర్జీలు ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ మిగతా మాటలు మారాయిగానీ ఆ వాక్యం మారలేదు. అక్షరాలు మాత్రం ఏటేటా పెద్దవవుతూ వచ్చాయి, చూపు తగ్గుతున్నవాడి అక్షరాల్లాగా.

"ప్లీడరు గారూ, టీ చల్లారిపోతోంది" అంది భార్య. గవర్నరైనా, జడ్జయినా, ఆమెకు ఆయన ప్లీడరు గారే. "ఫైలెక్కడికీ పోదు. ముందది తాగండి."

ఆమె తలుపు పక్క గోడకున్న ఫొటోను మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. నల్ల గౌనులో, చేతిలో కళ్ళజోడుతో, సగం నవ్వుతున్న పెద్ద ప్లీడరు గారి ఫొటో అది. పాత గవర్నర్ల చిత్రపటాలన్నీ వసారాలోకి పంపించి, ఈ గదిలో ఆ ఒక్క ఫొటోనే పెట్టించుకున్నారు ఈయన. బల్ల దగ్గర కూర్చుంటే ఎదురుగా అదే కనిపిస్తుంది. దాన్ని తుడిచే పని ఆమె ఏ పనివాళ్ళకూ ఇవ్వలేదు.

"మామయ్యగారు ఉంటే ఇప్పుడేమనేవారో" అన్నారు గవర్నరు గారు.

"కూర్చోమనేవారు. అందరికీ అదే చెప్పేవారుగా. నన్ను కూడా జీవితమంతా కూర్చోబెట్టారు." గుడ్డ మడిచింది. "ఆ పడవాయన ఎన్నింటికొస్తాడు?"

"పదకొండుకి. నువ్వు ఉంటావా?"

"కోర్టులో చూసేవాళ్ళకి బెంచీలుంటాయి కదా. ఉంటాను."

ఆయనకు ధైర్యం వచ్చింది, భయమూ వేసింది. నిజం చెప్పుకోవాలంటే భయమే ఎక్కువ. పడవవాడు "సైరన్ మోగాకే ఎక్కాడండీ" అంటే బతికిపోయినట్టే. తాను చేసింది తప్పు కాదు, సంతకం పెట్టి హాయిగా పడుకోవచ్చు. ఒక నిమిషం పాటు ఆయన ఆ జవాబే రావాలని కోరుకున్నారు. జైల్లో కళ్ళు పోతున్న మనిషి నిజంగా హంతకుడే కావాలని కోరుకున్నారు. కోరుకుంటున్నానని తెలిసేసరికి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

*

పడవవాడు రెండు సైజులు పెద్దదైన కోటులో వచ్చాడు. పక్కనే కూతురు, చేతిలో గడియారాల కీల గుత్తి. గుమ్మం దాటి తివాచీ మీద అడుగేయగానే ముసలాయన ఆగిపోయాడు.

"ఇంత మెత్తగా ఉంటే కాలు నిలవట్లేదయ్యా. పడవే నయం."

వాళ్ళ వెనకే కార్యదర్శి వచ్చాడు. నవ్వాలన్నా ముందు రూల్సు పుస్తకం చూసుకునే మనిషి. "సార్, మనది కోర్టు కాదు. ఇక్కడ సాక్ష్యం తీసుకోడానికి వీల్లేదు. మర్యాదగా కలవడానికి వచ్చినట్టు రాసుకుంటాను."

"అలాగే రాసుకోండి" అన్నారు గవర్నరు గారు.

ముసలాయన్ని బల్ల ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. గవర్నరు గారు కూడా కూర్చున్నారు. ప్రశ్న సిద్ధంగానే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా సిద్ధంగానే ఉంది. కానీ దాన్ని పక్కన పెట్టి చలి గురించి అడిగారు. మోకాళ్ళ గురించి అడిగారు. పడవ ఏమైందని అడిగారు. వంతెన వచ్చాక అమ్మేశానన్నాడు ముసలాయన.

అప్పుడు ఆయనకు అసలు చిక్కు అర్థమైంది. ఆయన జీవితంలో ఏ సాక్షినీ కూర్చుని ప్రశ్న అడిగింది లేదు. ప్లీడరన్నవాడు లేచి నిలబడే అడుగుతాడు. ఆయన లేచారు.

ఆయన లేవడం చూసి పడవవాడూ లేచాడు. అతను కూడా ఆ సంగతి మర్చిపోలేదు. కుర్చీ వెనక చేరి, వీపు చెక్కను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, బోనులో నిలబడ్డట్టు.

"ప్రమాణం చేయాలా అయ్యా?"

కార్యదర్శి ఏదో అనబోయాడు. గవర్నరు గారి భార్య అతని వైపు ఒక చూపు చూసింది. అతను కలం మూత పెట్టేశాడు.

"అక్కర్లేదు" అన్నారు గవర్నరు గారు. "మిమ్మల్ని ఒక మాట అడుగుతాను."

"'మీరు' అంటున్నారేంటయ్యా నన్ను? కోర్టులో అందరూ 'నువ్వు' అనే అన్నారు."

"నేననలేదు."

"అవును కదా" అన్నాడు ముసలాయన, ఏ నిష్ఠూరమూ లేకుండా. "మీరసలు నన్నేమీ అనలేదు."

కిటికీ బయట తెల్లగా ఉంది. ఆ తెలుపులో ఏ ఏడాదైనా కావచ్చు. గవర్నరు గారికి తన ఒంటి మీద గౌను బరువు తెలిసింది. పాత కోర్టు హాలులో సున్నం వాసన, ఎవరో కాగితాలు తిప్పుతున్న చప్పుడు, పైన మెల్లగా తిరిగే పంకా. కుర్చీ వెనక నిలబడ్డవాడి జుట్టు నల్లగా ఉంది. ఆయన గొంతు సవరించుకున్నారు. ఎవరూ వెనక నుంచి లాగలేదు.

"ఆ రోజు పొద్దున, మిల్లు సైరన్ మోగినప్పుడు, మీ పడవ ఎక్కడుంది?"

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. పాఠం ఎప్పుడో వచ్చేసినా పంతులు ఇప్పుడు అప్పగించమన్న పిల్లవాడిలా, ఒక్కో మాటా పొల్లు పోకుండా చెప్పాడు.

"నది మధ్యలో అయ్యా. అటొడ్డూ కనపడదు, ఇటొడ్డూ కనపడదు. నేను తెడ్డు ఎత్తి లోపల పెట్టాను. మంచు పడ్డ రోజుల్లో ఆ సైరన్ విని దారి సరిచూసుకోవడం నాకలవాటు. సైరన్ వీపు వైపు నుంచి వినపడితే తిన్నగా పోతున్నట్టు. ఆ రోజు కుడి చెవికి వినిపించింది. పడవ పక్కకి కొట్టుకుపోయిందని తెలిసి తిప్పుకున్నాను. అందుకే గుర్తు."

"ఆ మగ్గం పనాయన?"

"వెనక కొసన, మిల్లు వైపు తిరిగి కూర్చున్నాడు. సైరన్ విని, 'ఇవాళ నా మగ్గం ఎవడికిస్తారో' అన్నాడు. ఏడుపు గొంతుతో అన్నాడు. పని మానేసి పోతున్నాడు పాపం."

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు నిమిషాల పని చేయనందుకు ఒక మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు గోడల మధ్య ఉన్నాడు. గవర్నరు గారికి దుఃఖం ముంచుకొచ్చింది. జడ్జిగా ఎన్నో ఏడుపులు విని, నీళ్ళు తాగమని చెప్పిన మనిషి, తన ముందున్న గ్లాసు కూడా అందుకోలేకపోయారు. భార్య వచ్చి గ్లాసు చేతిలో పెట్టింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు మీరు?" అన్నారు, గ్లాసు కింద పెట్టి.

"ఎలా చెప్పనయ్యా? అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ వాగితే నిన్నే లోపలేస్తారని కోర్టు బంట్రోతు బోనెక్కే ముందే చెప్పాడు. మీరు లేచారు. అమ్మయ్య, అడుగుతాడు అనుకున్నాను. మీ నోటి వంకే చూస్తూ నిలబడ్డాను. మీరు కూర్చున్నారు." కుర్చీ చెక్కను వేళ్ళతో నిమిరాడు. "అక్కడితో ఆగలేదు. వారం పోయాక మీ ఆఫీసుకు కూడా వచ్చాను. గుమ్మందాకా వచ్చి, లోపలికి చూసి, వెనక్కెళ్ళిపోయాను."

గవర్నరు గారు తలెత్తారు. అంతలో కార్యదర్శి దగ్గాడు.

"సార్, పదకొండున్నర దాటింది. పన్నెండుకి ఫైలు వెళ్ళకపోతే మంత్రుల సలహాయే ఖాయమైపోతుంది. క్షమించాలి, ఈ పెద్దాయన చెప్పింది ఫైలుకెక్కదు. కోర్టులో చెప్పని సాక్ష్యం ఇది. మీరు వెనక్కి పంపాలంటే వేరే కారణం ఉండాలి."

"ఉంది" అన్నారు గవర్నరు గారు.

ఆయన కలం తీశారు. చట్టం ఆయనకు అరచేతిలో గీతల్లా తెలుసు. సాక్షి చెప్పినది రాయకూడదు, నిజమే. కానీ ముద్దాయి తరఫు ప్లీడరు తన పని సరిగా చేయలేదని రాయవచ్చు. అది రాయగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ అదృష్టవశాత్తూ ఈ కుర్చీలోనే ఉన్నాడు.

నెమ్మదిగా, గుండ్రంగా రాశారు: 'ముద్దాయికి న్యాయమైన విచారణ దక్కలేదు. అతని ప్లీడరు అడగవలసిన ఒకే ఒక ప్రశ్న అడగలేదు. అది జాగ్రత్త కాదు, పిరికితనం. ఆ ప్లీడరును నేనే. ఆ తప్పు పూర్తిగా నాది.'

కార్యదర్శి పక్క నుంచి చదివాడు. ముఖంలో రంగు దిగిపోయింది.

"సార్, దయచేసి ఇది రాయకండి. ఇది బయటికి పొక్కడానికి పూట పట్టదు. పెద్ద పదవికి మీ పేరు అనుకుంటున్నారు, మీకూ తెలుసు. అది పోతే పోయింది, ఉన్న కుర్చీ కూడా ఉండదు. మీ తీర్పులన్నీ తవ్వుతారు. మౌనం ప్లీడరు అన్న పేరుతో పిల్లలకు పాఠాలు చెబుతున్నారు సార్ లా కాలేజీల్లో."

"ఇక మీదట ఈ పాఠం చెప్పుకోమనండి" అన్నారు గవర్నరు గారు.

"నువ్వేమంటావు?" అని భార్య వైపు తిరిగారు.

ఆమె కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయిగానీ గొంతు తడిగా లేదు. "నేనేమంటాను? ఈ బంగళాలో గాలి తిరగడానికి పదమూడు గదులు దాటాలి. మన పాత ఇంట్లో ఒక్క కిటికీ తీస్తే చాలు. సంతకం పెట్టండి."

సంతకం పెట్టబోయే ముందు ఆయన ఒక్క క్షణం వెనక్కి వాలి కూర్చున్నారు. ఏళ్ళ తరబడి ఛాతీ మీద ఉన్న బరువేదో జారిపోయింది. ఇంత తేలిగ్గా ఆయన ఎప్పుడూ లేరు. పొగమంచులో ఇల్లు మళ్ళీ కదులుతున్నట్టు అనిపించింది, ఈసారి ఒడ్డు వైపు.

పడవవాడు మాత్రం కుర్చీ వదల్లేదు.

"అయిపోయిందా అయ్యా?"

"అయిపోయింది. మీరిక కూర్చోండి. ఇంత దూరం వచ్చారు, టీ తాగి వెళ్ళండి."

"ఇంకేమీ అడగరా?"

"ఇంకేముంది అడగడానికి?" అన్నారు గవర్నరు గారు నవ్వి.

ముసలాయన ఆయన్ని కాసేపు అలాగే చూశాడు. తర్వాత కుర్చీ వదిలేసి, టీ వద్దని చేత్తోనే చెప్పి, తలుపు వైపు నడిచాడు. కూతురు చెయ్యి పట్టుకుంది. వచ్చేటప్పుడు వీపు వైపు ఉన్న గోడ ఇప్పుడు ఎదురైంది. ముసలాయన ఆగాడు.

"ఈయనెవరయ్యా?"

"మా గురువుగారు. మా మామగారు కూడా. పోయి ఆరేళ్ళయింది."

"పోయారా" అన్నాడు పడవవాడు. ఫొటోకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఆ సగం నవ్వును, ఆ చేతిలో కళ్ళజోడును చాలాసేపు చూశాడు. అతని ఊపిరికి అద్దం మీద చిన్న మంచు మరక పడింది. గవర్నరు గారి భార్య గుడ్డ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, ఎందుకో ఆగిపోయింది.

"అయ్యా" అన్నాడు ముసలాయన ఫొటో మీంచి చూపు తిప్పకుండానే. "పడవ ఎక్కడుందని అడిగారు. అందులో ఎంతమంది ఉన్నారని అడగలేదు."



"నాన్నా!" అంది కూతురు. "నాకెప్పుడూ చెప్పలేదేం ఈ మాట?"

"నువ్వు మాత్రం అడిగావా తల్లీ?"

గవర్నరు గారు లేచి నిలబడ్డారు. లేస్తున్నానని ఆయనకు తెలియదు. "ఎంతమంది ఉన్నారు?"

"నేను కాక ఇద్దరు. ఒకడు జైల్లో ఉన్నాడు."

"రెండో మనిషిని అతను చూళ్ళేదా?"

"చూసినా గుర్తుపట్టే వీలేదీ? ఆయన ముందు కొసన కూర్చున్నాడు, ముక్కు దాకా మఫ్లర్ చుట్టుకుని. ఇతను అటు తిరిగి ఏడుస్తూ కూర్చున్నాడు. పైగా ఆ మంచు."

"మీరు చూశారా? ముఖం?"

"చూశాను. దిగేటప్పుడు కాలు జారితే నేనే చెయ్యి అందించాను. మఫ్లర్ ఊడి నా చేతిలోకొచ్చింది. ఇదిగో, ఇంత దగ్గరగా చూశాను." ఫొటోకీ తన ముఖానికీ మధ్య ఉన్న జానెడు దూరాన్ని చేత్తో చూపించాడు. "ఆ తర్వాత రెండుసార్లు చూశాను. ఒకసారి కోర్టులో. ఒకసారి మీ ఆఫీసు గుమ్మంలోంచి."

అంతటితో ఆగిపోయాడు. అడిగినదానికి జవాబు అయిపోయింది.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. రెండే మాటల ప్రశ్న. బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. 'ఆ తప్పు పూర్తిగా నాది' అన్న వాక్యం మీద సిరా ఇంకా ఆరలేదు, దాని కింద సంతకం ఇంకా పడలేదు. ఆ రెండు మాటలూ అడిగితే ఆ వాక్యం అబద్ధమైపోతుంది. అప్పుడు గౌను లాగిన చెయ్యి శిష్యుణ్ణి కాపాడటానికి లాగలేదు, ముద్దాయిని కాపాడటానికీ లాగలేదు. జవాబు తెలియని ప్రశ్న అడగొద్దన్న మనిషికి ఆ జవాబు ముందే తెలుసు, అదే పడవలో కూర్చుని ఆ సైరన్ తన చెవులతోనే విన్నాడు కనుక. పడవవాడు నోరు విప్పితే, మఫ్లర్ చాటున చేసిన ఆ ప్రయాణం కూడా బయటపడుతుందని భయపడ్డాడన్నమాట. అడగకపోతే, ఒక ప్లీడరు పిరికితనం ఒక్కటే ఫైలుకెక్కుతుంది. ఆ కాగితంతో మంత్రుల మనసు మారుతుందో లేదో ఎవరికి తెలుసు.

గవర్నరు గారు భార్య వైపు చూశారు. ఆమె గుడ్డను రెండు చేతుల్లో నలుపుతూ ఫొటో వైపు చూస్తోంది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆమె ముఖం ఇంత చిన్నదైపోవడం ఆయన చూడలేదు. తెలివైన మనిషి. ఆమెకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది.

మెట్ల మలుపులోని గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. అది ఆగకుండానే భోజనాల గదిలోది అందుకుంది. తర్వాత వసారాలోది. కార్యదర్శి చెయ్యి చాపి నిలబడ్డాడు. గవర్నరు గారి వీపు మీద బట్టను ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంది. ఒంటి మీద గౌను లేదని ఆయనకు తెలుసు. అయినా మోకాళ్ళు మెల్లగా వంగాయి. చెయ్యి వెనక కుర్చీని వెతుక్కుంది.

"కూర్చోకండి" అంది భార్య.

ఆమె ఫొటో వైపు నడిచి, గుడ్డతో ఆ మంచు మరకను చివరిసారిగా తుడిచింది. తుడిచి, ఫొటోను మేకు మీంచి తీసి, పడవవాడి ఎదురుగా రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు మీ గౌను లాగేవాళ్ళెవరూ లేరు. అడగండి, ప్లీడరు గారూ."